4 నుంచి 37 దాకా

ఫిబ్రవరి 11

పొద్దున్నుంచీ బఫర్లతోనే సరిపోయింది. ట్రిస్ వద్దు, ఫాస్ఫేట్ వాడదామని సార్‌తో మళ్లీ వాదన. మన ల్యాబ్‌లో ఎప్పుడూ ట్రిసే కదమ్మా అంటారు. నిజమే. ఒకే వేడి దగ్గర పని చేసేవాళ్లకి ట్రిస్ చాలు. కానీ మేం యాంటీహిస్టమిన్ రిసెప్టర్‌ని పట్టుకునే తీరుని 4 నుంచి 37 డిగ్రీల దాకా కొలవాలి. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7.5కి సరిచేసిన ట్రిస్‌ని కోల్డ్ రూమ్‌లో పెడితే 8.1కి పోతుంది. డిగ్రీకి 0.028 చొప్పున. 37కి తీసుకెళ్తే 7.2కి జారుతుంది. అప్పుడు మారింది రిసెప్టరా, మందా, ఉత్త నీళ్లా? యాంటీహిస్టమిన్‌లోని ఎమీన్ ప్రోటాన్‌ని పట్టుకుని ఉంటేనే కదా రిసెప్టర్‌లోని ఆస్పార్టేట్‌కి అతుక్కునేది. పీహెచ్ కదిలితే ఆ లెక్కా కదులుతుంది.

చివరికి సరేనన్నారు. 50 మిల్లీమోలార్ సోడియం పొటాషియం ఫాస్ఫేట్. అన్ని ఉష్ణోగ్రతలకీ ఒకటే సీసా.

నాకు ఎప్పటికీ మింగుడుపడనిది ఒకటుంది. ఎఫినిటీ, అంటే మందు పట్టు, ఇంత అని పెద్దగా అంకె వేస్తారు. ఎన్ని డిగ్రీల దగ్గర అన్నది మెథడ్స్‌లో ఏదో మూల. 25 దగ్గరో 30 దగ్గరో కొలుస్తారు. మెదడు ఉండేది 37లో.

ఫిబ్రవరి 14

ఇవాళ మెంబ్రేన్లు చేశాం.

గినీ పిగ్ చేతిలో ఉన్నంతసేపూ వెచ్చగా ఉంటుంది. మనకంటే దాని ఒళ్లు కాస్త ఎక్కువ వేడే. తర్వాత అంతా మంచు మీదే. గాజు పలక మీద చిన్నమెదడు. నెత్తురు కడిగేస్తే పైన సన్నటి ముడతలు, లోపల తెల్లటి కాడ. ఆ ముడతల పై పొరలోనే హిస్టమిన్ హెచ్1 రిసెప్టర్లు దట్టంగా ఉంటాయి. ఎలుక చిన్నమెదడులో వెతికితే అంత దొరకవు. పైగా మేం వాడే యాంటీహిస్టమిన్ మెపిరమైన్ ఎలుక రిసెప్టర్‌ని అంత గట్టిగా పట్టుకోదు. గినీ పిగ్‌దీ మనిషిదీ దగ్గర దగ్గర. అందుకే ఈ ప్రాణి.

మెదడుని రుబ్బే పాలిట్రాన్ శబ్దం మొదలయ్యేసరికి జూనియర్ పిల్ల అవతలికి వెళ్లిపోయింది. మొదటిసారి కదా. నేనేం అనలేదు. ఏమనాలి?

చిన్న గొట్టాల్లో పంచి మైనస్ 80లో పెట్టాం. ప్రతి గొట్టం మీదా తేదీ నేనే రాశాను. ఒక్క మైక్రోలీటరు కూడా ఊరికే పోనివ్వను.

ఫిబ్రవరి 22

రాత్రి వదిన ఫోను. గుంటూరులో మిర్చి సీజను మొదలైంది. మార్కెట్ యార్డుకి మిరప టిక్కీల లారీలు పొద్దూ రాత్రీ మా వీధి మీదుగానే. అమ్మకి ఆగకుండా తుమ్ములట. ప్రతి ఏడూ ఉండేదే. ప్రతి ఏడూ ఆ మాత్రే. రాత్రి భోజనం కాగానే ఓ యాంటీహిస్టమిన్, క్లోర్‌ఫెనిరమైన్. మందుల షాపులో అడిగితే ఇచ్చేస్తారు, ఎవరికని గానీ ఎన్నాళ్లనుంచని గానీ అడగరు.

"పొద్దున ఎనిమిదైనా లేవట్లేదు మీ అమ్మ" అంది వదిన. నాలుగున్నరకల్లా లేచి కళ్లాపి చల్లే మనిషి.

వయసు అంది. కావచ్చు.

మార్చి 3

కోల్డ్ రూమ్. శాలువా, దానిమీద కోటు. బయట అప్పుడే ఎండ చురుక్కుమంటోంది. తలుపు తీసి లోపలికి వచ్చిన ప్రతిసారీ కళ్లద్దాలు చల్లబడి, బయటికి వెళ్లగానే ఆవిరి పడుతున్నాయి.

4 డిగ్రీల దగ్గర బైండింగ్ ఎంతసేపటికి నిలకడకొస్తుందో తేలాలి. 37లో నిమిషాల్లో తేలిపోయేది ఇక్కడ గంటలు పడుతుంది. నిలకడకి రాకముందే ఫిల్టర్ చేస్తే చల్లదనంలో పట్టు తక్కువ అని రాసుకుంటాం. అది పట్టు కాదు, తొందర. అలా తొందరపడి కొలిచిన అంకెలు ఎన్ని పుస్తకాల్లో ఉన్నాయో.

రాత్రికి ఇక్కడే. జూనియర్ పిల్ల ఉంటానంది గానీ హాస్టల్‌కి పంపించేశాను.

మార్చి 4

తెల్లవారింది. అతుక్కున్న మందు కౌంట్లు ఇంకా పెరుగుతూనే ఉన్నాయి.

ఎంత నెమ్మది. ఒక్కో అణువూ దారి వెతుక్కుంటున్నట్టు. మెంబ్రేన్‌లోని కొవ్వులు చలికి బిగుసుకుంటాయి. వాటి మధ్య ఉన్న రిసెప్టర్ కదలికా మందగిస్తుంది. మందు లోపలికి జారాలంటే గుంట కాస్త తెరుచుకోవాలి కదా. తెరుచుకోవడానికి వేడి కావాలి.

సాయంత్రానికి గీత వంగింది. హమ్మయ్య. ఇక నిద్రపోవాలి.

మార్చి 17

ఇవాళ విడిపోయే వేగం. దీన్ని ఎన్నిసార్లు చేసినా నాకు విసుగు రాదు.

ముందు రేడియోధార్మిక ట్రిషియం తగిలించిన మెపిరమైన్‌ని పూర్తిగా అతుక్కోనిస్తాం. తర్వాత మామూలు ప్రొమెథజైన్ బోలెడంత కలుపుతాం. వదిలిన చోటుకి మళ్లీ ట్రిషియం రాకుండా. ఇక టైమర్. ఒక్కో సమయానికీ ఒక్కో గొట్టం ఫిల్టర్ మీద పోసి, మంచు బఫర్‌తో మూడు కడుగులు. గ్లాస్ ఫైబర్ ఫిల్టర్‌ని ముందే పాలీఇథిలీనిమైన్‌లో నానబెట్టుకోవాలి, లేకపోతే మందు గాజుకే అంటుకుంటుంది. పంపు లాగగానే తడి వృత్తం మధ్యలో మసక బూడిదరంగు మచ్చ ఒకటి మిగులుతుంది. అదే మెదడు. ఆ మచ్చని ఫోర్సెప్స్‌తో తీసి సీసాలో వేస్తుంటే ఇంత చిన్నదాంట్లో ఇన్ని రిసెప్టర్లా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

జూనియర్ పిల్ల అడిగింది, కడిగేటప్పుడు మందు ఊడిపోదా మేడమ్ అని. అందుకేగా మంచు. చలిలో పట్టు విడవదు. ఆ కొన్ని సెకన్ల కడుగుడికి ఏమీ కాదు. వేడి బఫర్‌తో కడిగితే మనం కొలవాల్సింది సింకులోకి పోతుంది. అంటే మేము ఏ ఉష్ణోగ్రత దగ్గర ఏం కొలిచినా చివర్లో చలి సాయం లేకుండా కుదరదు.

1977లో కేంబ్రిడ్జ్‌లో గినీ పిగ్ పేగు కండరంలో ఇదే మెపిరమైన్‌తో హెచ్1ని మొదట పట్టుకున్నప్పుడూ, మరుసటి ఏడు బాల్టిమోర్‌లో స్నైడర్ ల్యాబ్ మెదడులో చూపించినప్పుడూ ఇదే మచ్చ, ఇదే కడుగుడు. బోవే ఈ మందుని తెచ్చింది 1944లో. ఆయనకి 1957లో నోబెల్ వచ్చేనాటికి కూడా రిసెప్టర్‌ని ఎవరూ ముట్టుకోలేదు. ఉందని నమ్మారు, అంతే.

మార్చి 19

లెవోసెట్రిజిన్ మనిషి హెచ్1ని వదలడానికి సగం కాలం 142 నిమిషాలు. దాని అద్దపు బొమ్మ డెక్స్ట్రోసెట్రిజిన్‌కి 6 నిమిషాలు. అవే పరమాణువులు, అదే బరువు, కుడి ఎడమల తేడా. గుంట అంచున ఉన్న 191వ లైసీన్‌ని మార్చేస్తే ఆ 142 కాస్తా 13కి పడిపోతుంది. ఒక్క ఎమైనో ఆమ్లం.

పట్టు ఎంత గట్టిది అన్నదొకటి. ఎంతసేపు వదలదు అన్నది ఇంకొకటి. మనుషుల్లోనూ రెండూ ఒకటి కావు.

మార్చి 30

ఉగాది. గుంటూరు.

బస్టాండు నుంచి ఇంటిదాకా మిరప ఘాటు. ఆటో అబ్బాయి ముక్కుకి రుమాలు కట్టుకున్నాడు. ఇంట్లోకి రాగానే నాకూ తుమ్ములు.

అమ్మ పచ్చడి కలిపింది. బాగుంది. మామిడికాయ కొత్తది, వగరు తగిలింది. "వేపపువ్వు వేశానా?" అని అడిగింది. వేశావమ్మా అన్నాను. కాసేపటికి మళ్లీ అడిగింది.

మధ్యాహ్నం పంచాంగ శ్రవణం టీవీలో వస్తుంటే కుర్చీలోనే ఒరిగింది. నన్ను పిన్ని పేరుతో పిలిచింది. సరిదిద్దలేదు.

రాత్రి స్టీలు డబ్బాలో చూశాను. మాత్రల అట్టలు. సగం వాడినవి, వాడనివి. అన్నీ అవే.

మార్చి 31

తిరుగు రైల్లో. కిటికీ పక్క సీటు దొరికింది.

అమ్మని తుమ్మించేది హిస్టమినేనా? మిరప ఘాటులో ఉన్నది క్యాప్సైసిన్. అది వెళ్లి తాకేది ముక్కు నరాల మీది టీఆర్‌పీవీ1 అనే ద్వారాన్ని. 1997లో జూలియస్ వాళ్లు దాన్ని క్లోన్ చేసి, మిరపకీ 43 డిగ్రీల పై వేడికీ అదే తెరుచుకుంటుందని చూపించారు. 2021లో నోబెల్. అంటే మిరపకాయ నరానికి వేడి అని చెబుతోంది, అంతే. అక్కడ హిస్టమిన్‌ని ఆపే మాత్ర ఏం చేస్తుంది? ముక్కు కారడం కాస్త ఆరిస్తుందేమో, అదీ దాని రెండో గుణం వల్ల, ఎసిటైల్‌కోలిన్‌ని కూడా అడ్డుకుంటుంది కాబట్టి. ఆ రెండో గుణమే పెద్దవాళ్ల మతిమరుపుకీ మూలం అవుతుంది.

ఇంటి దుమ్ము కూడా పడకపోవచ్చు. రెండూ ఉండొచ్చు. ఎవరూ పరీక్ష చేయించలేదు. నేనూ అడగలేదు ఇన్నేళ్లలో.

ఏప్రిల్ 15

గీతలు వేశాను. నిలువుగా ఎఫినిటీ లాగరిథం, అడ్డంగా ఉష్ణోగ్రత తలకిందులు. వాంట్ హాఫ్ గీత. వాలుని బట్టి ఎంథాల్పీ, నిలువు గీతని తాకే చోటుని బట్టి ఎంట్రోపీ.

మెపిరమైన్ గీతకి వాలు ఉంది. నేననుకున్నంత లేదు.

చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. 4 దగ్గర గంటలు, 37 దగ్గర నిమిషాలు. అంత తేడా చూశాక పట్టులోనూ అంత తేడా ఉండాలని మనసు ఎందుకు కోరుకుంటుంది? చలిలో వదలడం నెమ్మది. నిజం. కానీ రావడమూ నెమ్మదేగా. ఎఫినిటీ అంటే ఆ రెండింటి నిష్పత్తి. రెండూ కలిసి నెమ్మదిస్తే నిష్పత్తి పెద్దగా కదలదు.

నానోమోలార్ పట్టు అంటే 25 డిగ్రీల దగ్గర మోలుకి సుమారు 51 కిలోజౌళ్ల స్వేచ్ఛా శక్తి. అందులో బంధాల వాటా ఎంత, గుంటలోంచి తరిమేసిన నీటి అణువుల స్వేచ్ఛ వాటా ఎంత? నీటి వాటా ఎక్కువైతే గీత బల్లపరుపు. యాంటీహిస్టమిన్లకి రెండు వలయాలూ నూనె స్వభావమే. నీరు వాటి పక్కన ఇమడదు. బయటికి పోతేనే దానికి సుఖం.

1979లో వైలాండ్, మిన్నెమన్, మోలినాఫ్ బీటా రిసెప్టర్ల మీద రాసింది మళ్లీ చదివాను. రిసెప్టర్‌ని మేల్కొలిపేవి ఎంథాల్పీ మీద అతుక్కుంటాయి, ఊరికే అడ్డుకునేవి ఎక్కువగా ఎంట్రోపీ మీద. ఎంత అందమైన మాట. తర్వాత రిసెప్టర్ రిసెప్టర్‌కీ కథ మారింది. అయినా ఆ పేపరు చదివినప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది. ఉత్త థర్మామీటరుతో, బంధం స్వభావం అడగొచ్చునని.

ఏప్రిల్ 16

సార్ చూశారు. "వాలు తక్కువైతే తక్కువే రాయి" అన్నారు. ఇంకేం అనలేదు.

మే 6

బయట 42. కరెంటు పోయింది, జనరేటరు అందుకునేలోగా 18 డిగ్రీల బాత్ 23 చూపించింది. ఆ సెట్టు మొత్తం పారబోశాం. ఎవర్నని ఏం లాభం. ఆ గొట్టం మీద ఫిబ్రవరి 14 అని నా చేత్తో రాసి ఉంది.

మే 13

అమ్మకి జ్వరం. వడదెబ్బ కాదు, ఏదో వైరల్ అన్నారట. అన్నయ్య ఫోను చేసి, జ్వరంలో ఆ తుమ్ముల మాత్ర వేయొచ్చా, తలకెక్కుతుందా అని అడిగాడు. తలకెక్కడం.

మాత్ర ఆపు, డాక్టరుగారికి చూపించు అన్నాను. ఫోను పెట్టేశాక కాగితం తీసుకున్నాను. చేతులు ఊరుకోవు.

ఎంథాల్పీ మోలుకి మైనస్ 40 కిలోజౌళ్లు అనుకుందాం, అంత ఉండదు, అయినా అనుకుందాం. 4 నుంచి 37కి వెళ్తే పట్టు ఆరో వంతుకి పడిపోతుంది. 37 నుంచి 40కి, అంటే గట్టి జ్వరానికి వెళ్తే, 14 శాతం తగ్గుతుంది. సగం రిసెప్టర్లు నిండి ఉన్న మెదడులో 46 శాతం నిండి ఉంటాయి. అంతే. జ్వరం ఆ మాత్ర పట్టుని పెంచదు. తగ్గిస్తే గిస్తే ఓ చిటికెడు.

అమ్మ మగత రిసెప్టర్ దగ్గరి వేడి వల్ల కాదు. ఈ అంకె రెండుసార్లు వేశాను. కాదు.

మరి నేను నెలల తరబడి చలిలో కూర్చుని అడుగుతున్న ప్రశ్న అమ్మకి ఏ రకంగానూ...

మే 14

కాదు. ఒకటి తేలింది కదా. ఉష్ణోగ్రత కాకపోతే ఇంకేదో అని. అది చిన్నది కాదు.

క్లోర్‌ఫెనిరమైన్ రక్తంలో సగానికి దిగడానికి పెద్దవాళ్లలో 20 గంటల పైమాటే. రాత్రి ఒకటి వేసుకుంటే మర్నాడు రాత్రికి సగం దాకా లోపలే. దానిమీద ఇంకొకటి. ముసలి కాలేయం, ముసలి మూత్రపిండాలు. మిర్చి సీజను పొడుగునా అమ్మ మెదడులో ఆ మందు లేని గంట ఒక్కటైనా ఉందా?

మే 27

రోహిణి కార్తె. రోళ్లు పగిలేలా ఉంది. కోల్డ్ రూమ్‌లోకి వెళ్లాలంటే అందరూ ముందుకొస్తున్నారు.

సెండాయ్‌లో యానై వాళ్ల పెట్ స్కాన్ బొమ్మలు ముందేసుకుని కూర్చున్నాను. కార్బన్-11 డాక్సెపిన్ ఎక్కించి, బతికున్న మనిషి మెదడులో హెచ్1 ఎంత ఖాళీగా ఉందో చూస్తారు. ఏమీ వేసుకోనివాళ్ల మెదడు ఎర్రగా వెలుగుతుంది. 2 మిల్లీగ్రాముల డి-క్లోర్‌ఫెనిరమైన్ వేసుకున్నవాళ్లలో సుమారు సగం రిసెప్టర్లు మందు కింద. ఫెక్సోఫెనడైన్ వేసుకుంటే వేసుకోనట్టే. ఫెక్సోఫెనడైన్‌కి పట్టు లేక కాదు. మెదడు గుమ్మం దగ్గరే పీ-గ్లైకోప్రోటీన్ దాన్ని బయటికి తోసేస్తుంది. లోపలికి రానివ్వదు.

మంచు లేదు, ఫిల్టరు లేదు, కడుగుడు లేదు. 37 డిగ్రీల్లో, మనిషి కళ్లు తెరిచి పడుకుని ఉండగా.

2011లో వచ్చిన హెచ్1 నిర్మాణం కూడా ఇదే డాక్సెపిన్‌తోనే. 107వ ఆస్పార్టేట్‌ని పట్టుకుని, అడుగున 428వ ట్రిప్టోఫాన్ దాకా దిగి కూర్చుంది. ఎంత స్పష్టంగా కనిపిస్తుందో. కానీ అది ద్రవ నైట్రోజన్ చలిలో బిగుసుకున్న స్ఫటికం. మా కోల్డ్ రూమ్ దానిముందు ఎండాకాలం. సెండాయ్ బొమ్మ మసక, అయినా బతికున్న మెదడుది. ఈ రెంటి నడుమ ఎక్కడో మా ఫిల్టర్ మీది మచ్చ.

స్కాన్ బొమ్మలు మూసేస్తుంటే ఒకటే ఆలోచన. అమ్మకి తీస్తే ఎలా వచ్చేది, మార్చిలో?

జూన్ 5

37 దగ్గర ఆఖరి సెట్టు జూనియర్ పిల్ల ఒక్కతే చేసింది. పాలిట్రాన్ దగ్గర కూడా తనే నిలబడింది. గీత శుభ్రంగా వచ్చింది. గొట్టాల వరుస, టైమరు, సీసాల మీద రాత అన్నీ చూశాను. నా కంటే చక్కటి రాత.

పేపరుకి మొదటి వాక్యం రాశాను. ఎఫినిటీ ముందు ఉష్ణోగ్రత. మెథడ్స్‌లో కాదు, టైటిల్‌లోనే. సార్ కొట్టేస్తే మళ్లీ రాస్తాను.

జూన్ 12

అమ్మ తనే ఫోను చేసింది, పొద్దున ఐదున్నరకి! కళ్లాపి అయిందట. నేనింకా పడుకునే ఉన్నాను. "ఇంకా లేవలేదటే" అని కసిరింది. పిన్ని కూతురి పెళ్లి ముహూర్తం, పెట్టుబడి చీరలు, ఎవరికెంత పెట్టాలి, అన్నీ వరసగా చెప్పింది. ఒక్క పేరూ తప్పలేదు.

డాక్టరుగారు ఆ మాత్ర పూర్తిగా మానిపించారు. ముక్కులో వేసుకునే ఉప్పునీళ్ల చుక్కలు ఇచ్చారు. తుమ్ములొస్తే అవే వేసుకోమన్నారు. రాత్రులు ముందులా నిద్ర పట్టట్లేదని ఆయన మీద కోపంగా ఉంది. అన్నేళ్లు ఆ మాత్రతో పడుకుంది, హైపోథాలమస్‌లో హిస్టమిన్ కణాలకి మళ్లీ మాట చెల్లుబాటు కావాలంటే కొన్నాళ్లు పడుతుందేమో. ఈ మాట అమ్మకి ఎలా చెప్పాలి? టీ తగ్గించమన్నాను.

మాత్ర ఆపింది మే నెల మధ్యలో. అప్పుడే జ్వరం తగ్గింది. అప్పుడే యార్డుకి ఎండాకాలం సెలవులు, లారీలు లేవు, ఘాటు లేదు. అన్నీ ఒక్కసారే మారాయి. ఏది పని చేసింది? ల్యాబ్‌లో అయితే ఒక్కొక్కటే మార్చి చూసేదాన్ని. అమ్మ మీద చూడలేను, చూడను కూడా.

వచ్చే ఫిబ్రవరికి మళ్లీ టిక్కీలు వస్తాయి. ఈ లోపు అలర్జీ పరీక్ష చేయించమని అన్నయ్యకి చెప్పాను. సరేనన్నాడు, కానీ వాడి సరే నాకు తెలుసు. పెళ్లికి వెళ్లినప్పుడు నేనే తీసుకెళ్తాను.

రేపు 18 డిగ్రీల సెట్టు మళ్లీ. ప్రొమెథజైన్ స్టాక్ కొత్తది కలపాలి, వెలుతురు తగలకుండా. బాత్ సాయంత్రమే ఆన్ చేసి పెట్టాను.